యమహా పాత రికర్వ్ విల్లులు కొనేవారికి

కీబోర్డుల వల్ల మనకు పేరు తెలిసిన జపాన్ యమహా సంస్థ 1959 నుంచి ఫైబర్‌గ్లాస్ విల్లులు కూడా తయారుచేసి, 2002లో ఆ పని మానుకుంది. (బైకులు చేసే యమహా వేరే సంస్థ.) కాబట్టి ఇప్పుడు చేతులు మారేవన్నీ పాతవే. బొమ్మదేవర ధీరజ్‌ వంటి రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) క్రీడాకారుడిని ఇచ్చిన విజయవాడలో, ఒకప్పుడు పోటీలకు వెళ్లినవారి ఇళ్ల అటకల మీద ఇటువంటివి ఉండవచ్చు గనుక, ముందుగా పాత కోచ్‌లను అడగడం మంచిది.

విల్లు చేతికి రాగానే పేరు చూసి మురిసిపోకుండా లింబ్‌లను (పిడికి పైనా కిందా వంగే రెండు బద్దలను) చూడాలి. రైజర్ (చేత్తో పట్టుకునే నడిమి భాగం) మీద గీతలు పడినా పరవాలేదు గానీ, లింబ్ మెలి తిరిగిన విల్లు గోడకు తగిలించుకోవడానికే పనికివస్తుంది. మొదట నారి ఎక్కించకుండానే, చిన్న దూది ఉండను లింబ్ అంచుల వెంబడి మెల్లగా జరపండి. కంటికి ఆనని పగులు ఉంటే దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. ఏమీ తగలకపోతేనే, స్ట్రింగర్ (నారి ఎక్కించడానికి విల్లును వంచే తాడు) సాయంతో నారి ఎక్కించి, ఒక కొన నుంచి రెండో కొనకు చూపు సారించండి. నారి రెండు లింబ్‌లకూ సరిగ్గా నడుమ కనబడాలి. బాణం లేకుండా మాత్రం లాగి వదలకూడదు.

లింబ్ మీద 66, 34 అని ఉంటే, అది 66 అంగుళాల విల్లు అనీ, 28 అంగుళాలు లాగితే దాన్ని పట్టి ఉంచడానికి 34 పౌండ్ల బలం కావాలనీ అర్థం. ఆపైన లాగే ప్రతి అంగుళానికీ సుమారు రెండు పౌండ్లు పెరుగుతాయి. విడదీసే రకమైతే రైజర్‌నూ లింబ్‌లనూ కలిపే కొనండి, ఎందుకంటే ఒక మోడల్ లింబ్‌లు మరో మోడల్‌కు అమరకపోవచ్చు.

నారి విషయంలో పిసినారితనం వద్దు, కొత్తది కాస్త సాగే డాక్రాన్ (పాలిస్టర్) దారంతోనే కట్టించండి. ఈ రోజుల్లో వాడే ఫాస్ట్ ఫ్లైట్ నారి దాదాపు సాగదు గనుక, బాణం వదిలినప్పటి అదురంతా దానికోసం బలపరచని పాత లింబ్ కొనల మీద పడి అవి చీలవచ్చు. నారి పొడవు విల్లు కంటే మూడు నాలుగు అంగుళాలు తక్కువ ఉండాలి, అంటే 66 అంగుళాల విల్లుకు 62 నుంచి 63.

మన ఎండ వీటికి పెద్ద శత్రువు. నేను మొదట కొన్న విల్లును మే నెలలో, బెంజి సర్కిల్ దగ్గర నిలిపిన కారు డిక్కీలో ఒక మధ్యాహ్నమంతా ఉంచేశాను. సాయంత్రం తీసేసరికి పై లింబ్ కొన దగ్గర జిగురు వదిలి, పొరల మధ్య వెంట్రుకంత సందు ఏర్పడింది. ఆ విల్లును మళ్లీ ఎక్కుపెట్టలేదు. ఇప్పుడు నా దగ్గరున్నవన్నీ నారి విప్పి, ఎండ తగలని గదిలో రెండేసి చెక్క మేకుల మీద అడ్డంగా ఉంచుతున్నాను. మూలకు ఆనించి నిలబెడితే బరువంతా కింది లింబ్ మీద పడి, నెలల తరబడి అది నెమ్మదిగా మెలి తిరుగుతుంది.