కొత్త ఆవును మచ్చిక చేసుకోవాలంటే

సంతలో కొన్న ఆవు ఇంటికి రాగానే చాలామంది ఎదురుగా వెళ్లి నుదురు నిమురుతారు. దయచేసి అలా చేయకండి. ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా తోక వెనక మాత్రం ఏమీ కనిపించదు. అటునుంచి చప్పుడు లేకుండా వెళ్తే బెదిరి తన్నుతుంది, అది దాని తప్పు కాదు.

మెల్లగా మాట్లాడుతూ, పక్కనుంచి భుజం వైపు నడవండి. రెండడుగుల దూరంలో ఆగి చేయి చాపండి, వాసన చూడనివ్వండి. తర్వాత గంగడోలు, అంటే మెడ కింద వేలాడే చర్మం, గోకండి. మెడ చాచి, చెవులు వాల్చి నిలబడిందంటే మిమ్మల్ని ఒప్పుకున్నట్టే. తల దించి బుస కొడుతుంటే వెనక్కి తగ్గి, మరునాడు మళ్లీ ప్రయత్నించండి.

దూడల నుదురు నెట్టి ఆడించడం అసలే వద్దు, ముఖ్యంగా కోడెదూడలను. ముద్దుగా నేర్పిన ఆ ఆటే కొమ్ములు వచ్చాక కుమ్మడంగా మారుతుంది.

పాలు పితికేముందు అరుపులు, దెబ్బలు ఉండకూడదు. భయపడిన ఆవు పాలు చేపదు, అంటే పాలను కిందికి వదలదు. నాలుగు నిమిషాలు గంగడోలు నిమిరి కూర్చోండి, చేపు దానంతటదే వస్తుంది.