సిల్క్‌స్క్రీన్ పాఠాలు – 4: హవానా పోస్టరు, కాగితపు స్టెన్సిల్

పోయిన పాఠంలో ఫ్రేముకు మెష్, అంటే ఇంకు దిగే సన్నని జాలీ గుడ్డ, బిగించాం. ఇక స్టెన్సిల్, అంటే ఇంకు పడాల్సిన చోట కోసి తీసిన కాగితం, తయారు చేయాలి. కత్తి పట్టే ముందు ఒక పోస్టరు చూద్దాం.

1967లో క్యూబా రాజధాని హవానాలోని కాసా దె లాస్ అమెరికాస్ అనే సాంస్కృతిక సంస్థ నిరసన గీతాల సమావేశం జరిపింది. దానికి ఆల్‌ఫ్రెడో రోస్ట్‌గార్డ్ వేసిన పోస్టరులో ఒక గులాబీ, దాని ముల్లు, ముల్లు నుంచి కారే నెత్తుటి చుక్క. గిటారు లేదు, గాయకుల ముఖాలు లేవు.

క్యూబా పోస్టర్ల పొదుపును చాలామంది కొరత ఖాతాలో వేసేస్తారు. కాగితానికీ రంగులకూ కటకట ఉన్న మాట నిజమే, కానీ నా దృష్టిలో అది సగం కారణమే. 1959లో ఏర్పడిన ప్రభుత్వ సినిమా సంస్థ ఐకేక్ విదేశీ చిత్రాలకు సైతం సొంత పోస్టర్లు గీయించేది. టికెట్లు అమ్మిపెట్టే భారం పోస్టరు మీద లేదు. హీరో ముఖం ఇంకాస్త పెద్దది చేయమని పట్టుబట్టే నిర్మాతా లేడు. అలాగని అదంతా స్వేచ్ఛ అనుకోకండి. 1961లో ‘పి.ఎం.’ అనే చిన్న డాక్యుమెంటరీని నిషేధించిందీ ఈ సంస్థే.

ఐకేక్ పోస్టరు కొలత సుమారు 51 × 76 సెంటీమీటర్లు. మనకు అందులో సగం చాలు. బొమ్మ గీశాక గీతలు చెరిపేసి, రంగుల మచ్చలు మాత్రమే మిగల్చండి. నీడలు, మెరుపులు వద్దు. రంగుకొక పలచని కాగితం తీసుకుని, ఇంకు పడాల్సిన చోటు కోసి తీసేయండి. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. ముదురు రంగు పక్కదాని మీదికి ఒక మిల్లీమీటరు ఎక్కేలా కోయాలి. లేకపోతే మధ్యలో తెల్లని సందు కనిపిస్తుంది.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. సున్న కోయగానే దాని కడుపు ఊడి చేతికొస్తుంది. ఆ ముక్కను పారేయకండి. అచ్చు వేసే కాగితం మీద స్టెన్సిల్ పరిచి, ఊడిన ముక్కను దాని చోట పెట్టి, ఫ్రేము దించి స్క్వీజీ (మెష్ మీద ఇంకును లాగే రబ్బరు పలక) లాగండి. ఇంకు జిగటకు మొదటి లాగులోనే అన్నీ మెష్‌కు అంటుకుంటాయి. ఆ మొదటి కాపీ ఎలాగూ బాగుండదు, పక్కన పెట్టేయండి.

అభ్యాసం: మీకు నచ్చిన సినిమాకు రెండు రంగుల్లో పోస్టరు కోయండి. నటుల ముఖాలు ఉండకూడదు. పని కాగానే, ఇంకు ఆరకముందే మెష్ కడగండి. రెండో రంగును మొదటిదానిపై సరిగ్గా కూర్చోబెట్టడం వచ్చే పాఠంలో.