ఇంట్లో కోలుకుంటున్న భార్య లేదా భర్త సంరక్షణ – 3వ పాఠం: పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, కుర్చీలోకి మార్చడం

గత రెండు పాఠాల్లో గది సర్దుబాటు, మందుల పట్టిక అయిపోయాయి. ఈసారిది చేతులతో నేర్చుకోవాల్సిన పని. వచ్చింది పక్షవాతమైనా, జరిగింది పెద్ద ఆపరేషనైనా, ఐసీయూలో చాలా రోజులు ఉండి వచ్చినా ఇంట్లో మొదటి వారాల్లో మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చేది ఇదే. చూసుకునేవాళ్ల నడుము పట్టేసేదీ ఇక్కడే. భార్యాభర్తల్లో ఒకరికి అరవై దాటితే రెండోవారూ ఆ వయసుకు దగ్గర్లోనే ఉంటారు. అందుకని కండబలంతో లాక్కొచ్చే పద్ధతులను మొదటి రోజు నుంచే పక్కన పెట్టండి.

ముందుగా డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడిగి, చేయకూడని కదలికలేమిటో ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. రొమ్ము ఎముక కోసి గుండె ఆపరేషన్ చేసినవాళ్లు చేతులతో నొక్కిపెట్టి లేవకూడదు, వాళ్ల చేతులు పట్టుకుని మీరు లాగకూడదు. తుంటి కీలు మార్చినవాళ్లలో చాలామందికి తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దని, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయవద్దని చెబుతారు. వెన్ను ఆపరేషన్ అయినవాళ్లను నడుము మెలిపడకుండా, భుజాలూ తుంట్లూ ఒకేసారి కదిలేలా తిప్పాలి. కింద చెప్పేవన్నీ ఆ కాగితానికి లోబడే చేయండి.

పక్కకు తిప్పడం

కదలకుండా పడుకుంటే ఎముక, పరుపు మధ్య చర్మం నలుగుతుంది, అక్కడికి రక్తం సరిగా అందదు. వెన్ను చివర, మడమలు, తుంటి పక్కలు, చీలమండలు, మోచేతులు, భుజం రెక్కలు, తల వెనక భాగం ముందుగా దెబ్బతింటాయి. నొక్కుడు ఒక్కటే కాదు, ఈడ్చడం కూడా అంతే చేటు. చర్మం దుప్పటికి అంటుకుని ఉండగా లోపలి ఎముక జారితే మధ్యలోని రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. చంకల కింద చేతులు వేసి పైకి లాగడం ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. చర్మానికీ, భుజానికీ, మీ నడుముకీ ఒకేసారి హాని.

దానికి బదులుగా ఒక దుప్పటిని రెండు మడతలు వేసి, భుజాల నుంచి తొడల మధ్య వరకు వచ్చేలా ఒంటి కింద అడ్డంగా పరచి ఉంచండి. మనిషిని జరపాల్సి వచ్చినప్పుడల్లా ఈ దుప్పటినే పట్టుకోవాలి.

ఎత్తు మార్చే మంచమైతే మీ నడుము ఎత్తుకు తెచ్చి, చక్రాలకు బ్రేకు వేయండి. మూత్రం గొట్టం, సెలైన్ గొట్టం ఎటు ఉన్నాయో చూసుకోండి. మూత్రం సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి.

కుడివైపు తిప్పాలనుకుందాం. ముందు ఎడమ పక్కన నిలబడి అడ్డ దుప్పటితో మనిషిని మీ వైపు కొంచెం జరుపుకోండి. ఈ పని మానేసి తిప్పితే మనిషి కుడి అంచుకు వచ్చేస్తాడు. జరిపాక ఎడమ అంచున కమ్మీ పైకెత్తండి, కమ్మీ లేకపోతే ఎవరినైనా అక్కడ నిలబెట్టండి. ఇప్పుడు మీరు కుడి పక్కకు రండి. కింద పడి నలగకుండా కుడిచేయిని ఒంటికి కాస్త దూరంగా జరపండి. ఎడమచేయిని ఛాతీ మీదికి తెచ్చి, ఎడమ మోకాలు వంచండి. ఒక చేయి ఎడమ భుజం వెనక, రెండోది ఎడమ తుంటి వెనక వేయండి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, “మూడు అనగానే తిరుగుదాం” అని చెప్పి లెక్కపెట్టండి. మూడు అన్నప్పుడు మీ బరువును ముందు పాదం నుంచి వెనక పాదం మీదికి మార్చండి, అంతే. చేతులు పట్టుకుని ఉంటాయి, లాగే పని కాళ్లది. తల తిప్పడం, మంచం కమ్మీ పట్టుకోవడం వంటివి ఆ మనిషే చేయగలిగితే చేయనివ్వండి. జాలికొద్దీ అన్నీ మనమే చేసేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

తిప్పాక పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టకండి. వీపు వెనక దిండు పెట్టి దాదాపు 30 డిగ్రీల వాలులో ఆపండి. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద పొడవుగా ఇంకో దిండు పెడితే మడమలు గాల్లో తేలతాయి. మడమ కింద మీ అరచేయి అడ్డు లేకుండా దూరిందా, సరిగ్గా పెట్టినట్టే. పక్షవాతం వచ్చిన చేతిని ఎప్పుడూ వేలాడనివ్వకండి, దాన్ని పట్టుకుని లాగకండి. భుజం కీలు వదులై తొలగిపోతుంది. ఆ వైపు ఒత్తిగిల్లి పడుకుంటే భుజాన్ని కాస్త ముందుకు తీసి ఉంచాలి. రెండో వైపు పడుకున్నప్పుడు ఆ చేయి దిండు మీద ఉండాలి.

2 గంటలకోసారి తిప్పడంతో మొదలుపెట్టండి. ఆ వ్యవధి సరిపోతోందో లేదో చర్మమే చెబుతుంది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఇంకా ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టు. ఆ వైపు పడుకోబెట్టడం ఆపి నర్సుకు చూపించండి. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే రంగు ముదిరిందా, వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని తడిమి చూడాలి. అక్కడ రుద్దకండి, మర్దన చేయకండి. మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి దిండ్లు కూడా వద్దు. వాటి అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

రాత్రి తిప్పే వేళకే నీళ్లు తాగించడం, మూత్రం పట్టడం, తడి బట్ట మార్చడం కలిపేస్తే మీకు ఒకటి రెండు మెలకువలు తగ్గుతాయి. గాలి పరుపు ఉంటే రాత్రి వ్యవధి పెంచవచ్చేమో నర్సును అడగండి. గాలి పరుపు ఉందని తిప్పడమే మానేయకూడదు.

తలవైపు ఎత్తడం గురించి ఒక మాట. భోజనానికి నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక 30 నిమిషాలు అలాగే ఉంచండి. మిగతా సమయంలో 30 డిగ్రీలు దాటకుండా చూడండి, లేకపోతే ఒళ్లు కిందికి జారుతూ వెన్ను చివర ఒరుసుకుపోతుంది. ఎత్తేటప్పుడు ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, ఆ తర్వాతే తలవైపు ఎత్తండి.

మంచం అంచున కూర్చోబెట్టడం

పక్కకు తిరిగి పడుకున్న మనిషి కాళ్లను మంచం అంచు దాటించండి. కిందికి దిగే కాళ్ల బరువుకు పైభాగం తేలిగ్గా లేస్తుంది. అదే సమయంలో ఆ మనిషి మోచేత్తో పరుపును నొక్కాలి, మీరు భుజం వెనక ఆసరా ఇవ్వాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనేవరకు ముందుకు జరపండి.

ఇక్కడ తొందర వద్దు. చాలా రోజులు పడుకున్నవాళ్లకు లేవగానే రక్తపోటు పడిపోవచ్చు. అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. కళ్లు తిరిగినా, మొహం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే పడుకోబెట్టండి. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే పడుకున్నప్పుడూ, నిలబడ్డ 3 నిమిషాల్లోపూ రక్తపోటు చూసి రాయండి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి. కారణం మందుల మోతాదులో ఉండవచ్చు.

కుర్చీలోకి

కుర్చీని బలంగా ఉన్న వైపు, మంచానికి కొంచెం ఏటవాలుగా ఆనించి పెట్టండి. వీల్‌చైర్ అయితే రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పక్కకు తీయండి. జారని చెప్పులు వేయండి. మేజోళ్లతో నిలబెట్టవద్దు.

పిరుదులను అంచుకు జరిపి, పాదాలను మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి తెప్పించండి. “ముక్కు పాదాల మీదికి రావాలి” అని చెప్పండి. ముందుకు వంగకుండా లేవడం ఎవరి తరమూ కాదు, మొదటి రోజుల్లో భయంతో అందరూ వెనక్కే వాలతారు. బలహీనమైన మోకాలు మడతపడకుండా మీ మోకాలిని దానికి అడ్డుపెట్టండి. నడుము చుట్టూ ఆసరా బెల్టు ఉంటే దాన్ని పట్టుకోండి. మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వకండి. ప్రేమగానే వేస్తారు, కానీ పడేటప్పుడు మీ మెడ మీదే వేలాడతారు. నిలబడ్డాక ఒక్క క్షణం ఆగి, చిన్న అడుగులతో తిరిగి, కాళ్ల వెనక కుర్చీ తగిలాకే, చేతులతో కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చోవాలి.

పడిపోతుంటే ఆపాలని చూడకండి. ఒంటికి దగ్గరగా పట్టుకుని, మీ కాలి మీదుగా నేల మీదికి జారనివ్వండి. తలకు దెబ్బ తగలకుండా చూడటమే అప్పుడు మీ పని. పడ్డాక వెంటనే లేపకండి. తలకు దెబ్బ తగిలినా, తుంటి కదిపితే నొప్పన్నా, మాట తడబడినా కదపకుండా అంబులెన్స్ పిలవండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. దానికి తోడు ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది అత్యవసరం.

కుర్చీలో మొదట 15–20 నిమిషాలు చాలు. తర్వాత పెంచుకుంటూ పోయినా, ప్రతి 15–30 నిమిషాలకు ఒకసారి బరువు ఒక పిరుదు మీది నుంచి ఇంకోదాని మీదికి మార్చుకోవాలి.

ఈ వారం సాధన: ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మరొకరిని మంచం మీద పడుకోబెట్టి తిప్పడం, కూర్చోబెట్టడం నాలుగైదుసార్లు చేయండి. తర్వాత మీరు పడుకుని, వాళ్లతో మిమ్మల్ని తిప్పించుకోండి. వేళ్లు ఎక్కడ గుచ్చుకుంటున్నాయో, ఎక్కడ పడిపోతానన్న భయం వేస్తోందో తెలిసిపోతుంది. తర్వాతి పాఠం మంచం మీదే స్నానం, దుప్పటి మార్చడం గురించి. అందులోనూ పక్కకు తిప్పడం అడుగడుగునా అవసరం కాబట్టి, అది చేతికి వచ్చాకే ముందుకు వెళ్లండి.