మంచు కరిగాక పైరు బూజు పట్టిందా? కారణం శరదృతువులో వెతకండి

మంచు కురిసే ప్రాంతాల్లో శీతాకాలపు గోధుమ, రై ధాన్యం, బార్లీ, రైగ్రాస్ గడ్డి వసంతానికి చచ్చి కనిపిస్తే అందరూ ముందు చలిని తిడతారు. చాలాచోట్ల చంపింది మంచు కింద పెరిగిన బూజు. దాన్ని తట్టుకునే శక్తిని మొక్క మంచు పడకముందే, చలికి రాటుదేలే వారాల్లో కూడబెట్టుకుంటుంది.

మంచు కరిగిన చోట గుండ్రని మచ్చలు, ఆకులు అట్టకట్టి నేలకు అంటుకున్నాయి

ముందు ఏ బూజో తేల్చుకోండి. మచ్చ అంచున గులాబీ ఛాయ ఉండి, గట్టి ఉండలేవీ లేకపోతే అది మైక్రోడోకియం నివాలే. చచ్చిన ఆకుల మీద ఆవగింజల్లాంటి ఉండలు కనిపిస్తే టైఫులా: ఎర్ర గోధుమ రంగైతే ఇన్‌కార్నాటా, నల్లనివైతే ఇషికారియెన్సిస్. బూజే లేదంటే మొక్కను పీకి మొదలు నిలువునా కోయండి. లోపల గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే గడ్డకట్టి చచ్చినట్టు. తెల్లగా, గట్టిగా ఉంటే ఆకులు పోయినా దుబ్బు బతికే ఉంది, తొందరపడి దున్నేయకండి.

కారణం: ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగాక, ముఖ్యంగా 0-5 డిగ్రీల మధ్య కొన్ని వారాలు గడిపితే మొక్క రాటుదేలుతుంది. ఎదుగుదల తగ్గించి, మొదలు భాగంలో ఫ్రక్టాన్ అనే చక్కెర నిల్వలు పెంచుకుంటుంది. శిలీంధ్రపు గోడను కరిగించే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములనూ తయారుచేస్తుంది. రై మొక్కలో ఇదే కుటుంబానికి చెందిన ప్రోటీన్లు మంచు స్ఫటికాలు పెరగకుండానూ ఆపుతాయి. చలి నుంచీ తెగులు నుంచీ ఒకే ఏర్పాటు కాపాడుతుందన్నమాట, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

అయితే ఈ నిల్వ తరిగిపోయేది. దట్టమైన మంచు కింద నేల గడ్డకట్టకుండా 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది, వెలుగు ఉండదు. చక్కెర తయారీ ఆగినా దాన్ని ఖర్చుచేసే శ్వాసక్రియ సాగుతూనే ఉంటుంది. చక్కెర అడుగంటేసరికి, ఆ చలిలోనే పెరగగల బూజుకు మొక్క లొంగిపోతుంది. ఆలస్యంగా విత్తిన చిన్న మొక్కలు ముందు పోవడానికి కారణం ఇదే.

పరిష్కారం: ఇప్పుడు మందు కొడితే పోయిన ఆకులు తిరిగి రావు, డబ్బు మిగుల్చుకోండి. గడ్డి మైదానమైతే అట్టకట్టిన ఆకుల్ని రేక్‌తో లేపి గాలి తగలనివ్వండి. అసలు పని వచ్చే శరదృతువుది. మంచు పడేలోపు పిలకలు వేసే వ్యవధి ఉండేలా విత్తండి, మరీ ముందు విత్తితే పేనుబంక మోసుకొచ్చే వైరస్‌ల బెడద ఉంటుంది. ఆఖర్లో నత్రజని దండిగా వేయకండి, లేత ఆకు పెరిగి రాటుదేలడం వెనకబడుతుంది. మైక్రోడోకియం విత్తనంతోనూ వస్తుంది కాబట్టి విత్తనశుద్ధి తప్పదు. టైఫులా ఉండలు నేలలో మిగిలి ఉంటాయి, అక్కడ పంట మార్పిడి కావాలి. మంచు ఎంతకీ కరగకపోతే దాని మీద బొగ్గు పొడి లేదా బూడిద చల్లడం పాత ఉపాయమే అయినా పనిచేస్తుంది: నల్లని పొర ఎండను పీల్చుకుని మంచును త్వరగా కరిగిస్తుంది.

ఒకే రకం, ఎండ తగిలే చోట బాగుంది, నీడలో పోయింది

చలి ఒక్కటే చాలదు, వెలుగూ కావాలి. చల్లని రోజుల్లో జరిగే కిరణజన్య సంయోగక్రియే ఆ చక్కెరలకు మూలం. మబ్బు పట్టిన శరదృతువులో మొక్క సగం సగమే రాటుదేలుతుంది. నీడనిచ్చే కొమ్మలు తగ్గించండి, రాలిన ఆకులు మైదానం మీద పేరుకోనివ్వకండి.

నడిశీతాకాలంలో నాలుగు రోజులు వేడెక్కింది, ఆ తర్వాతే తెగులు

వారాల తరబడి కూడగట్టుకున్న సత్తువ కొద్ది రోజుల వెచ్చదనానికే సడలిపోతుంది. మళ్లీ చలి వస్తే కొంత తిరిగి వస్తుంది. పూత దశకు మారడానికి మొక్కకు కావలసినంత చలి అప్పటికే అంది ఉంటే, ఆ కొంత కూడా బాగా తగ్గుతుంది. పొలంలో చేయగలిగేది తక్కువ. రకం ఎంచుకునేటప్పుడే కొద్దిపాటి వెచ్చదనానికే అంత తేలిగ్గా సడలిపోనిది చూసుకోవాలి.

తెగులుకు నిలుస్తుందన్న గోధుమ రకంలో చల్లని వసంతంలో పసుపు కుంకుమ తెగులు (ఎల్లో రస్ట్) చారలు

దీన్ని రాటుదేలడంతో కలపకండి. వైఆర్36 లాంటి నిరోధక జన్యువులు వాతావరణం వేడెక్కాకే బాగా పనిచేస్తాయి, ఎల్ఆర్34 చల్లగా ఉన్నప్పుడు మెరుగు. మీ రకంలో ఏ జన్యువుందో విత్తన సంస్థను అడగండి. వేడికి పనిచేసేదే అయి, తెగులు పై ఆకులకు ఎక్కకపోతే వేచి చూడవచ్చు. ఎక్కుతుంటే మందు కొట్టాల్సిందే.