ఎంజైమ్‌ల పాఠాలు – 4: నెమ్మదించిందా, పాడైందా?

పోయిన పాఠంలో గంజి, లాలాజలం, అయోడిన్‌లతో మూడు గ్లాసుల ప్రయోగం ఇచ్చాను. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో, రెండోది ఐసులో, మూడోదాంట్లో మరిగించి చల్లార్చిన లాలాజలం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ (శరీరంలో చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్) గంజిలోని పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది. పిండిపదార్థం ఉన్నంతసేపూ అయోడిన్ వేస్తే నీలం వస్తుంది, పోతే రాదు. మీ జవాబులు చూశాక ఈసారి చెప్పాలనుకున్న ఇన్హిబిటర్లను, అంటే ఎంజైమ్ పనిని అడ్డుకునే పదార్థాలను, పక్కన పెట్టేశాను. ముందు ఈ చిక్కు తీరాలి.

చిన్న చిక్కుతో మొదలుపెడదాం. "లాలాజలం వేయకముందే నీలం రంగు రాలేదు, గంజిలోనే ఎంజైమ్ ఉందా?" అని కొందరు అడిగారు. లేదు. పొయ్యి మీంచి దించిన గంజిలో అలాగే అయోడిన్ వేసేశారు. వేడి మీద పిండిపదార్థం అయోడిన్‌ను పట్టి ఉంచలేదు, రంగు పోతుంది. చల్లారితే మళ్లీ నీలం వస్తుంది. ఆ గ్లాసు పారబోయకుండా కాసేపు వదిలేసి ఉంటే మీకే కనిపించేది.

ఇంకొందరు అయోడిన్ మొత్తం గ్లాసులోనే పోశారు. వద్దు, అది అమైలేజ్ పనికి కూడా అడ్డు తగులుతుంది. నేనైతే తెల్ల పింగాణీ ప్లేటులో అయోడిన్ చుక్కలు వరుసగా పెట్టుకుని, నిమిషానికోసారి గ్లాసులోంచి ఒక్క చుక్క తీసి వాటిలో కలుపుతాను. మొదట ముదురు నీలం, తర్వాత ఊదా, ఎర్రటి గోధుమ, చివరికి అయోడిన్ సొంత పసుపు. పిండిపదార్థం గొలుసులు తెగి పొట్టివయ్యేకొద్దీ రంగు ఇలా దిగుతుంది. గంజిలో చిటికెడు ఉప్పు కూడా వేస్తాను. ఉప్పులోని క్లోరైడ్ అందితే అమైలేజ్ బాగా చురుగ్గా ఉంటుంది.

ఇక అసలు చిక్కు. ఐసు గ్లాసు నీలంగానే ఉంది, మరిగించిన గ్లాసూ నీలంగానే ఉంది. దాంతో చాలామంది "రెండింటిలోనూ ఎంజైమ్ చచ్చిపోయింది" అని రాసేశారు. పరీక్ష పేపర్లలో కూడా ఈ మాట చూసి చూసి విసుగొచ్చింది. ఉష్ణోగ్రతను బట్టి ఎంజైమ్ వేగం చూపే గ్రాఫ్ కొండలా ఉంటుంది కదా, రెండు పక్కలా దిగుతుంది కాబట్టి రెండు పక్కలా జరిగేది ఒకటే అనుకుంటారు. కాదు.

ఎడమ పక్క, అంటే చలి వైపు, ఎంజైమ్ ఆకారం చెక్కుచెదరదు. అణువుల కదలిక తగ్గుతుంది, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం, ఇక్కడ పిండిపదార్థం) వచ్చి తగలడం తగ్గుతుంది, తగిలినా చర్య జరగడానికి కావలసినంత శక్తి ఉండదు. లెక్క వేసి చూడండి. పది డిగ్రీలు తగ్గితే వేగం సుమారు సగానికి పడుతుందని మోటు లెక్క. 37 నుంచి సున్నాకు వస్తే దాదాపు పదమూడో వంతు మిగులుతుంది. గోరువెచ్చని గ్లాసులో ఐదు నిమిషాలకు అయ్యే పని ఐసులో గంట పైన పడుతుంది. మీరు పది నిమిషాలకే చూసి తీర్పు చెప్పేశారు!

కుడి పక్క కథ వేరు. వేడికి ప్రోటీన్ మడతలను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాల్లాంటి బలహీన బంధాలు వీడిపోతాయి. అమైనో ఆమ్లాల గొలుసు తెగదు, మడత విప్పుకుంటుంది, యాక్టివ్ సైట్, అంటే సబ్‌స్ట్రేట్ వచ్చి అతుక్కునే చోటు, ఆకారం పోతుంది. ఉడికిన గుడ్డును ఫ్రిజ్‌లో పెడితే పచ్చి గుడ్డు కాదు కదా, అంతే. రైబోన్యూక్లియేజ్ లాంటి కొన్ని ఎంజైములు మాత్రం మడత విప్పినా అనుకూల పరిస్థితి రాగానే మళ్లీ సర్దుకుంటాయి. దాన్ని చూపించిన శాస్త్రవేత్త ఆన్ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ వచ్చింది. మన లాలాజలం అమైలేజ్‌ను మరిగించాక ఆ ఆశ పెట్టుకోకండి.

ఈ తేడా తెలిసినవాళ్లే ఫ్రోజెన్ బఠాణీ అమ్ముతున్నారు. గడ్డకట్టించే ముందు గింజలను కాసేపు వేడినీళ్లలోనో ఆవిరిలోనో ఉంచుతారు. ఎందుకంటే ఫ్రీజర్ ఎంజైములను నెమ్మదింపజేస్తుందే కానీ పాడుచేయదు. అలాగే వదిలేస్తే నెలల తరబడి రంగు, రుచి చెడుతూనే ఉంటాయి.

మటన్‌కు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లకూ ఒక మాట. బొప్పాయిలోని పపైన్ 60–70 డిగ్రీల దగ్గర జోరుగా పనిచేస్తుంది. ఫ్రిజ్‌లో దాని పని అంతంతమాత్రం. కూర సన్నని మంట మీద మెల్లగా వేడెక్కుతున్నప్పుడే ముక్క మెత్తబడుతుంది, మరిగాక పపైన్ కూడా పాడవుతుంది. కుక్కర్‌లో ఆ మెల్లగా వేడెక్కే సమయం దొరకదు కాబట్టి నేను దాని జోలికి వెళ్లను.

"అన్ని ఎంజైములకూ 37 డిగ్రీలే" అని రాసినవాళ్లకు పపైనే జవాబు. అది చాలకపోతే వేడినీటి బుగ్గల్లో బతికే థర్మస్ అక్వాటికస్ బ్యాక్టీరియా ఉంది. దాని పాలిమరేజ్ అనే ఎంజైమ్ 72 డిగ్రీల దగ్గర హాయిగా డీఎన్‌ఏ నకళ్లు తీస్తుంది, 95 డిగ్రీలనూ తట్టుకుంటుంది. వేడి చేస్తూ చల్లారుస్తూ డీఎన్‌ఏ నకళ్లు పెంచే పీసీఆర్ పరీక్షలో దాన్ని వాడేది అందుకే.

పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత; 7 మధ్యస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం) సంగతి రెండు ముక్కల్లో: కడుపులోని పెప్సిన్‌కు 2 దగ్గర, చిన్నపేగులోని ట్రిప్సిన్‌కు 8 దగ్గర, మన అమైలేజ్‌కు 7కు కాస్త తక్కువలో బాగుంటుంది.

అభ్యాసానికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించుకోండి. పాత మూడు గ్లాసులూ మళ్లీ పెట్టండి. పది నిమిషాలయ్యాక ఐసు గ్లాసునూ, మరిగించిన లాలాజలం గ్లాసునూ గోరువెచ్చని నీళ్లలోకి మార్చి, నిమిషానికో చుక్క చొప్పున అరగంట రంగులు రాసుకోండి. నాలుగో గ్లాసులో లాలాజలానికి ముందు వెనిగర్ కలిపి పది నిమిషాలు ఉంచండి, నురగ రావడం ఆగేదాకా వంటసోడా వేయండి, ఆ తర్వాతే గంజి పోయండి. నిమ్మరసం వాడకండి, అందులోని సి విటమిన్ అయోడిన్ రంగునే తీసేసి మిమ్మల్ని బోల్తా కొట్టిస్తుంది. నాలుగో గ్లాసులో ఎంజైమ్ నెమ్మదించిందా, పాడైందా? జవాబుతో పాటు రంగుల పట్టిక కూడా పంపండి. పట్టిక లేని జవాబు చూడను.