లావు తీగలకు మారేముందు: ఎలక్ట్రిక్ గిటారు జాగ్రత్తలు

తీగల ప్యాకెట్ మీద కనిపించే అంకె అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 9 అంటే 0.009 అంగుళం. 9 నుంచి 10కి మారితే పెరిగింది వెయ్యో వంతే కదా అనిపిస్తుంది. కానీ అదే స్వరానికి శ్రుతి చేస్తే తీగ బిగువు దాని లావుకు వర్గం చొప్పున పెరుగుతుంది. ఆ ఒక్క వెయ్యో వంతుకే మొదటి తీగ బిగువు 23 శాతం ఎక్కువవుతుంది. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే భాగం పొడవు) గిటారు మీద మామూలు ట్యూనింగ్‌లో 9–42 సెట్ (మొదటి తీగ 9, ఆరో తీగ 42) ఆరు తీగలూ కలిసి సుమారు 39 కిలోల బలంతో నెక్‌ను లాగుతాయి. 10–46 సెట్ సుమారు 47 కిలోలు, 11–49 సెట్ సుమారు 54. మొదటి తీగ అంకెను బట్టి ఈ సెట్లను నైన్స్, టెన్స్, లెవెన్స్ అంటారు. నైన్స్ మీదున్న గిటారుకు లెవెన్స్ వేయడమంటే దానికి మరో 15 కిలోలు వేలాడదీయడమే. 24.75 అంగుళాల స్కేల్ అయితే ఈ అంకెలు 6 శాతం దాకా తగ్గుతాయి.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఏ ట్యూనింగ్ కోసం మారుతున్నారన్నది. ఒక సెమిటోన్ దించిన ప్రతిసారీ బిగువు 11 శాతం దాకా పడిపోతుంది. లెవెన్స్ వేసి E ఫ్లాట్‌కు (అన్ని తీగలూ ఒక సెమిటోన్ కిందికి) దించితే మొత్తం 48 కిలోలు, అంటే మామూలు ట్యూనింగ్‌లో ఉన్న టెన్స్‌తో ఇంచుమించు సమానం. ఇప్పటికే టెన్స్ మీద ఉన్న గిటారుకైతే నెక్, స్ప్రింగులు ముట్టుకోవాల్సిన పని పెద్దగా పడదు. నట్ (నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) గాడులు, ఇంటొనేషన్ (నెక్ పొడవునా నొక్కిన స్వరాలు శ్రుతిలో ఉండడం) చూసుకుంటే చాలు. అవే లెవెన్స్‌ను D స్టాండర్డ్‌కు (రెండు సెమిటోన్లు కిందికి) దించితే 43 కిలోలే. శ్రుతి దించడానికి లావు తీగ వేసేవాళ్లకు కింద చెప్పే పనుల్లో సగం తప్పుతుంది. ట్యూనింగ్ మార్చకుండా గేజ్ (తీగ లావు) పెంచేవాళ్లకే అన్నీ అవసరం.

లావు తీగ వేస్తే స్వరం దానంతటదే లావవుతుందన్న నమ్మకాన్ని కొంచెం తగ్గించుకోవడం మంచిది. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 గేజ్ తీగలు వాడిన మాట నిజం, కాని E ఫ్లాట్‌కు దించి వాడాడు. అటు బిల్లీ గిబ్బన్స్ 7 గేజ్ తీగలతో ఆ బరువైన బ్లూస్ రాక్ వాయిస్తాడు. డ్రాప్ D (ఆరో తీగను మాత్రం D కి దించే ట్యూనింగ్) కోసం ఆరో తీగ ఒక్కటే వదులైపోతోందన్నది మీ ఇబ్బంది అయితే మొత్తం సెట్ మార్చకండి. 9–46, 10–52 లాంటి మిశ్రమ సెట్లు అందుకే ఉన్నాయి: 4, 5, 6 తీగలు లావుగా, 1, 2, 3 తీగలు మామూలుగా. నైన్స్ వాడేవాళ్లు ముందు టెన్స్‌కు మారి, నెల తర్వాత అవసరమైతేనే లెవెన్స్‌కు వెళ్లాలి. చేతికీ గిటారుకూ రెంటికీ అదే మేలు.

పాత తీగలు విప్పకముందు

విప్పాక కొలవడానికి ఏమీ మిగలదు. కాబట్టి పాత తీగలు పూర్తి శ్రుతిలో ఉండగానే నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోండి.

ఒకటి, యాక్షన్: 12వ ఫ్రెట్ పైన ఒకటో తీగకూ ఆరో తీగకూ కింద ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు. రెండు, నెక్ వంపు: ఒకటో ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు) పెట్టి, ఆరో తీగను నెక్ బాడీని కలిసే చోట నొక్కిపట్టి, 7–8 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) పెట్టి చూడాలి, 0.2 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉంటే చాలా గిటార్లకు సరైనది. మూడు, ట్రెమొలో (కాడతో ఊపే) బ్రిడ్జ్ అయితే దాని వెనక అంచు బాడీ నుంచి ఎంత ఎత్తులో ఉంది. నాలుగు, బ్రిడ్జ్ మీద ప్రతి శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) ఎక్కడుంది. ఇది ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

బిగువులో ఉన్న తీగను కటింగ్ ప్లయర్‌తో టప్పున కత్తిరించకండి. తెగిన కొస ముఖం మీదకు కొడుతుంది. ముందు పూర్తిగా వదులు చేసి, తర్వాత కత్తిరించాలి. కొత్త లావు తీగ బిగించేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు. కత్తిరించిన ముక్కలు ఎప్పటికప్పుడు ఏరేయండి. పికప్‌లో అయస్కాంతం ఉంటుంది, ముక్కలు దానికి అతుక్కుంటాయి.

ట్యూన్ ఓ మ్యాటిక్ తరహా బ్రిడ్జ్‌ను, వెనక టెయిల్‌పీస్‌ను పట్టి ఉంచేది తీగలే. అన్నీ ఒకేసారి తీస్తే రెండూ ఊడి ఫినిష్ మీద పడతాయి. ఒక్కో తీగ తీసి, దాని చోట కొత్తది వేసి, సగం బిగువుకు తెచ్చి, తర్వాతి దానికి వెళ్లండి.

నట్

ఎక్కువమంది నెక్ గురించే భయపడతారు కాని, లావు తీగలతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ మొదలయ్యేది నట్ దగ్గరే. 42 తీగకు కోసిన గాడిలో 49 తీగ అడుగు దాకా దిగదు. అంచుల మీద ఇరుక్కుని కూర్చుంటుంది. అప్పుడు మొదటి ఫ్రెట్లలో తీగ ఎత్తుగా ఉండి, నొక్కితే స్వరం పైకి పోతుంది. ట్యూనర్ తిప్పుతుంటే శ్రుతి కదలదు, కదలదు, ఉన్నట్టుండి టిక్‌మని దూకుతుంది. బెండ్ చేసి (తీగను పక్కకు తోసి) వదిలాక తీగ పాత శ్రుతికి తిరిగి రాదు. ఇంకా ఇరికిస్తే ప్లాస్టిక్ నట్ గాడి అంచు విరుగుతుంది. శ్రుతి నిలవకపోతే ట్యూనర్లు మార్చే ముందు ఆ టిక్ చప్పుడు వస్తుందేమో వినండి.

గాడి తీగ కంటే 2 నుంచి 4 వెయ్యో వంతులు వెడల్పు ఉండాలి. 46 తీగకు 48 లేదా 50. దీనికి గేజ్ అంకెలతో నట్ ఆకురాళ్లు దొరుకుతాయి. అవి లేకపోతే, వేయబోయే తీగ కంటే కాస్త సన్నగా ఉన్న పాత చుట్టు తీగ (పైన మరో సన్న తీగ చుట్టిన తీగ) ముక్కకు 600 నంబరు గరుకు కాగితం ఒక్క పొర చుట్టి రుద్దవచ్చు. కాగితం మందం రెండు వైపులా కలుస్తుందని మరవకండి. రుద్దాల్సింది గాడి పక్క గోడలనే. అడుగును ముట్టుకోకండి. గాడి ఒక్కసారి లోతైపోతే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జుయ్‌మంటుంది, దాన్ని మళ్లీ పైకి తేవాలంటే కొత్త నట్టే. గాడి కొంచెం హెడ్‌స్టాక్ వైపు వాలి ఉండాలి. తీగ ఆనే ఎత్తైన చోటు ఫ్రెట్‌బోర్డు వైపు అంచే కావాలి, లేకపోతే సితారు మోత వస్తుంది. చివర్లో మెత్తని పెన్సిల్‌తో గాడిలో గీస్తే ఆ గ్రాఫైట్ పొడి తీగను జారనిస్తుంది.

12 గేజ్ సెట్లలో మూడో తీగ చాలాసార్లు చుట్టు తీగగా వస్తుంది. ప్యాకెట్ కొనేముందే అది చూసుకోండి. చుట్టు తీగ అయితే మూడో గాడి బాగా వెడల్పు చేయాలి, శాడిల్ స్థానం కూడా మారుతుంది, ఆ తీగ మీద బెండ్లు దాదాపు మరిచిపోవాల్సిందే.

తీగ చుట్టడం గురించి రెండు మాటలు. ట్యూనర్ పోస్టుకు చుట్టు తీగ 2–3 చుట్లు, మామూలు తీగ 3–5 చుట్లు చాలు. చుట్టు తీగను కత్తిరించే ముందు ఆ చోటుకు కాస్త ఇవతల 90 డిగ్రీలు వంచండి. వంచకుండా కత్తిరిస్తే, ముఖ్యంగా లోపలి తీగ గుండ్రంగా ఉన్న రకాల్లో, పై చుట్టు వదులై తీగ మొద్దుగా పలుకుతుంది.

ట్రెమొలో ఉంటే

వెనక స్ప్రింగులు ఒకవైపు, ముందు తీగలు మరోవైపు లాగుతుంటే మధ్యలో నిలబడేది ట్రెమొలో బ్రిడ్జ్. తీగల బలం పెరిగితే బ్రిడ్జ్ ముందుకు ఒరుగుతుంది, యాక్షన్ లేస్తుంది. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ దిగిపోతాయి. అందుకే మిగతా సర్దుబాట్లన్నిటికంటే ముందు ఇది తేలాలి. బ్రిడ్జ్ కుదురుకోకుండా నెక్ వంపు, ఇంటొనేషన్ కొలిస్తే అవన్నీ తప్పుడు లెక్కలే.

వెనక మూత తీస్తే స్ప్రింగులు తగిలించిన క్లా అనే లోహపు పలక, దాన్ని చెక్కకు పట్టి ఉంచే రెండు పొడవాటి మరలు కనిపిస్తాయి. నైన్స్ నుంచి టెన్స్‌కైతే ఆ మరలు కొన్ని తిప్పులు బిగిస్తే తరచూ సరిపోతుంది. లెవెన్స్‌కు మూడు స్ప్రింగులు ఉన్నచోట నాలుగోది కలపండి. క్లా దాదాపు చెక్కను తాకేదాకా బిగించాల్సి వస్తోందంటే స్ప్రింగు తక్కువైందని అర్థం. తీగలు వదులు చేసి, సగం తిప్పు చొప్పున రెండు మరలనూ సమానంగా బిగించి, మళ్లీ శ్రుతి చేసి, వెనక అంచు ఎత్తును మీరు రాసుకున్న అంకెతో పోల్చండి. నాలుగైదు సార్లు చేయాల్సి వస్తుంది. క్లాకు టంకం పెట్టిన ఎర్త్ తీగ ఒకటి ఉంటుంది. అది ఊడితే గిటారు గుయ్‌మని మోగుతూనే ఉంటుంది.

ఫ్లాయిడ్ రోజ్ తరహా (తీగలను రెండు చివరలా లాకు వేసే ట్రెమొలో) అయితే తీగలు తీసేముందే బ్రిడ్జ్ కింద మడతపెట్టిన అట్ట ముక్కో చెక్క ముక్కో పెట్టి కదలకుండా ఆపండి. నట్ దగ్గరి లాకులు వదులు చేయకుండా ట్యూనర్ తిప్పకండి. లావు తీగ అని శాడిల్ లాకు మరను అదనంగా బిగిస్తే తీగను నొక్కే చిన్న దిమ్మ పగులుతుంది. బ్రిడ్జ్ ఆనే రెండు పోస్టుల ఎత్తు మార్చాలంటే తీగల బిగువు దించాకే మార్చాలి. బిగువులో తిప్పితే పోస్టుకు ఆనే బ్రిడ్జ్ కత్తి అంచు మొద్దుబారుతుంది, ఆ తర్వాత ట్రెమొలో శ్రుతికి తిరిగి రాదు.

నెక్ వంపు, ట్రస్ రాడ్

కొత్త తీగలు పూర్తి శ్రుతిలో పెట్టి ఒక రోజు వదిలేయండి. చెక్క వెంటనే వంగదు. వేసిన పది నిమిషాలకే కొలిచి ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) తిప్పితే మర్నాటికి అది ఎక్కువో తక్కువో అవుతుంది. గాలిలో తేమ ఒక్కసారిగా మారే రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే నయం. తేమ వల్ల వచ్చిన వంపూ తీగ వల్ల వచ్చిన వంపూ విడదీసి చెప్పలేం.

మర్నాడు ముందు చెప్పినట్టే కొలవండి. వంపు 0.3 మి.మీ. దాటితే ట్రస్ రాడ్ చివరి నట్‌ను (తీగలు ఆనే నట్ కాదు) గడియారం ముల్లు దిశలో ఎనిమిదో వంతు తిప్పు, మహా అయితే పావు తిప్పు. తిప్పే ముందు తీగలు కాస్త వదులు చేస్తే మర మీద భారం తగ్గుతుంది. మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత, చాలకపోతే కొన్ని గంటలాగి ఇంకో ఎనిమిదో వంతు. కంపెనీ చెప్పిన సైజు అలెన్ కీ తప్ప దగ్గరగా ఉందని మరొకటి దూర్చకండి. అంగుళాల కీకీ మిల్లీమీటర్ల కీకీ ఉండే చిన్న తేడాయే లోపలి ఆరు మూలలనూ అరగదీస్తుంది. ట్రస్ రాడ్ నట్ గట్టిగా బిగుసుకుపోయి కదలకపోయినా, తిప్పుతుంటే కరకరమన్నా అక్కడితో ఆపి గిటారు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. తెగిన ట్రస్ రాడ్‌కు ఇంట్లో మందు లేదు.

ఇంకొకటి: యాక్షన్ దించడానికి ట్రస్ రాడ్ వాడకండి. రాడ్ నెక్ వంపు కోసం, శాడిల్ మరలు ఎత్తు కోసం. వంపు కుదిరాకే శాడిళ్లు ముట్టుకోవాలి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగకు 2 మి.మీ., ఒకటో తీగకు 1.5 మి.మీ. మొదలుపెట్టడానికి మంచి కొలతలు. అదే స్వరంలో లావు తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి సన్న తీగల కంటే కాస్త కిందికి దించినా ఫ్రెట్లకు కొట్టుకోదు. యాక్షన్ తర్వాత ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరంతో) నొక్కిన స్వరాన్ని పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు. తీగ లావెక్కిన కొద్దీ శాడిల్ వెనక్కే వెళ్తుంది. ఆరో శాడిల్ వెనక స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి ఇక కదలకపోతే ఆ స్ప్రింగును కొంచెం కత్తిరించవచ్చు. శాడిల్ జరిపే ప్రతిసారీ తీగ వదులు చేయండి.

లావు తీగ పికప్‌కు ఎక్కువ ఉక్కు చూపిస్తుంది. లావు తీగల వైపు శబ్దం బురదగా వినిపిస్తే, లేదా పై ఫ్రెట్లలో ఆరో తీగ రెండు శ్రుతులు కలిసినట్టు వణికితే, ఆ వైపు పికప్‌ను అర తిప్పు కిందికి దించండి.

చేతులు

మొదటి రెండు వారాలు రోజు వాయించే సమయాన్ని సగానికి తగ్గించండి, ఫుల్ టోన్ బెండ్లు చివరికి పెట్టుకోండి. మూడో వేలితో బెండ్ చేస్తే ఒకటి, రెండో వేళ్లు వెనక ఆసరాగా ఉండాలి, తోసేది మణికట్టు తిప్పుతో. వేలి కొనలు మండడం మామూలే. మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మామూలు కాదు. ఆ రోజుకు గిటారు పక్కన పెట్టండి, తగ్గాక ఒక గేజ్ కిందికి రండి.

అలా వెనక్కి వచ్చేటప్పుడు వరస మారుతుంది. సన్న తీగలు వేసేముందే ట్రస్ రాడ్‌ను మీరు ఎంత బిగించారో అంత వదులు చేయాలి, లేకపోతే నెక్ వెనక్కి వంగి మొదటి ఐదారు ఫ్రెట్లలో ప్రతి స్వరం జుయ్‌మంటుంది. కలిపిన స్ప్రింగు తీసేయాలి. వెడల్పు చేసిన గాడులు మాత్రం తిరిగి ఇరుకవ్వవు. ఒకటో రెండో గేజ్‌లు తగ్గితే చాలావరకు సర్దుకుపోతాయి, తీగ గాడిలో పక్కలకు కదిలి గలగలమంటే కొత్త నట్ వేయించుకోవాలి.