ఎలక్ట్రిక్ కారుకు కొత్త టైర్లు ఎలా ఎంచుకోవాలి?

ఎలక్ట్రిక్ కారుకు టైర్లు కొనేవారిలో చాలామంది ముందుగా ‘ఈవీ’ ముద్ర కోసం వెతుకుతారు. ముద్ర ఉంటే మంచిదే, లేకపోయినా కొంప మునగదు. అసలు చూడాల్సింది ఆ టైరు ఎంత బరువు మోయగలదన్నది. బ్యాటరీ కారణంగా ఈ కార్లు అదే పరిమాణపు పెట్రోలు కార్ల కంటే సాధారణంగా బాగా బరువుంటాయి.

1. పాత టైరు మీది అంకెలు రాసుకోండి

ఉదాహరణకు 215/60 ఆర్17 96హెచ్. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క భాగం ఎత్తు అందులో 60 శాతం, రిమ్ వ్యాసం 17 అంగుళాలు. ‘96’ అనేది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 710 కిలోల వరకు మోస్తుందని, ‘హెచ్’ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. సెకండ్‌ హ్యాండ్‌ కారైతే పాత టైర్లను నమ్మకండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులోనో, కారు మాన్యువల్‌లోనో ఉన్న అంకెలే ప్రమాణం.

2. లోడ్ ఇండెక్స్ తగ్గనివ్వకండి

స్టిక్కరులోని అంకెకు సమానంగా ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. సైజు సరిపోతే చాలుననుకోవద్దు. ఒకే సైజులో మామూలు టైరు, ‘ఎక్స్‌ఎల్’ (ఎక్స్‌ట్రా లోడ్), ‘హెచ్‌ఎల్’ (హై లోడ్) అనే రకాలు ఉండవచ్చు. ఎక్స్‌ఎల్ కంటే హెచ్‌ఎల్ ఎక్కువ బరువు మోస్తుంది. కంపెనీ హెచ్‌ఎల్ టైర్లు అమర్చిన కారుకు అదే సైజు ఎక్స్‌ఎల్ చవకగా దొరికినా తీసుకోకూడదు.

3. రేంజి, పట్టు రెండూ తూచండి

టైరు దొర్లేటప్పుడు అణిగి, వంగి, మళ్లీ సాగుతూ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. ఈ నష్టం తక్కువున్న టైరుతో రేంజి (ఒక్క చార్జింగుతో వెళ్లగల దూరం) పెరుగుతుంది. ఐరోపా లేబుల్‌పై దీన్ని, తడి రోడ్డు మీది పట్టును విడివిడిగా ‘ఎ’ (ఉత్తమం) నుంచి ‘ఇ’ వరకు సూచిస్తారు. నన్నడిగితే నాలుగు కిలోమీటర్ల రేంజి కోసం వానలో ఆగే దూరాన్ని పెంచుకోవడం తెలివైన బేరం కాదు.

ఇంకో మాట. అరిగిన టైర్ల స్థానంలో కొత్తవి వేయగానే రేంజి కాస్త తగ్గవచ్చు. మందంగా ఉన్న కొత్త ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల భాగం) ఎక్కువగా వంగుతుంది మరి. బ్యాటరీ పాడైందని కంగారుపడకండి.

4. చప్పుడు సంగతి

ఇంజను శబ్దం లేని కారులో టైరు రొద స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే కొన్ని టైర్ల లోపల ఫోమ్ పొర అంటిస్తారు. వాటికి పంక్చర్ వేయడం కొన్ని షాపుల వాళ్లకు కుదరదు. స్టెప్నీ లేని కారైతే ఈ సంగతి కొనేముందే కనుక్కోండి.

5. ఎన్ని మార్చాలి?

ఒకే ఇరుసుకు రెండూ ఒకే రకానివి ఉండాలి. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందే కార్లలో ముందు, వెనుక ట్రెడ్ లోతుల మధ్య ఎంత తేడా ఉండవచ్చో మాన్యువల్ చెబుతుంది. తయారీ తేదీ కూడా చూడండి: టైరు పక్క భాగంపై ‘డీఓటీ’ అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు 2324 అయితే, 2024లో 23వ వారం.

6. బిగించేటప్పుడు దగ్గరుండండి

బ్యాటరీ నేలకింద ఉంటుంది కాబట్టి జాకీని మాన్యువల్ సూచించిన చోటే పెట్టించాలి. గాలిని తలుపు దగ్గరి స్టిక్కరులో చెప్పినంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నింపించండి. గాలి తగ్గితే లోడ్ ఇండెక్స్ చెప్పిన బరువును ఆ టైరు మోయలేదు.